అడిగితే పలకని ఊరు

మంచులో మొదట మాట వస్తుంది. మనిషి తరవాత వస్తాడు.

"ఎటూ...?"

అంతే. ఆ ఒక్క మాట. కొండ దారి మీద, కాఫీ చెట్ల సందుల్లోంచి, తడిసిన మట్టి వాసనతో కలిసి వస్తుంది. ఎవరి గొంతో తెలియదు. ఎంత దూరంలో ఉన్నారో తెలియదు. అయినా జవాబు చెప్పాలి.

సంతకి. చేనుకి. తప్పిపోయిన మేకని వెతకడానికి. కూతురింటికి. ఊరికే... ఊరికే అని చెప్పినా చాలు.

మాటకి మాట తగిలిందంటే ఇక భయం లేదు. మంచులోంచి ఒక ముఖం బయటికొస్తుంది. నవ్వుతుంది. దాటిపోతుంది.

డుంబ్రిగుడ సంత నించి పైకి నడిస్తే, పసుపు పూల వలిసె చేలు దాటాక, కొండ మలుపులో ఉంటుంది సోని వాళ్ళ ఊరు. ఆ దారిలో పలకరించకుండా ఎవరూ ఎవర్నీ దాటరు. తెలిసినవాళ్ళనీ అడుగుతారు, తెలియనివాళ్ళనీ అడుగుతారు. తెలియనివాళ్ళని ఇంకా ముందు అడుగుతారు. పిల్లలకి నడక సరిగ్గా రాకముందే ఈ అడగడం వచ్చేస్తుంది.

అడిగినా పలకనివాడు ఆ దారిలో ఒక్కడే ఉంటాడు.

చావు కబురు మోసేవాడు.

అతను పలకడు. పలకకూడదు. అతని నోట్లో ఉన్న మాట దారిన పోయేవాళ్ళది కాదు -- ఆ ఇంటిది. ముందు ఆ ఇల్లు వినాలి. ఆ తరవాతే ఊరు, ఆ తరవాతే దారి. అందుకని తల వంచుకుని నడుస్తాడు. అడిగినవాళ్ళకి తెలిసిపోతుంది. నెత్తి మీది మోపు కిందికి దించుతారు. దారి వదిలి పల్లం వైపు జరిగి నిలబడతారు. ఎవరింటికి అని అడగరు. వెనక పోరు. అతను కనుమరుగయ్యే దాకా తల వంచుకుని అలాగే ఉంటారు.

చిన్నప్పుడు సోనికి ఇది తెలియదు. ఒక పొద్దున్న చిన్నాన్న కొండెక్కి వస్తుంటే ఎదురు పరిగెత్తింది.

"ఎటు సిన్నాన్నా?"

ఆయన పలకలేదు.

మళ్ళీ అడిగింది. చెయ్యి పట్టుకుని ఊపుతూ అడిగింది. అలిగి అడిగింది. ఆయన చెయ్యి విడిపించుకోలేదు, నోరు విప్పలేదు. ఆ చేతిని అలాగే పట్టుకోనిచ్చి ఇంటి దాకా నడిచాడు. గుమ్మంలో సోములమ్మ -- సోని తల్లి -- చేటలో సోడి గింజలు చెరుగుతోంది. మరిదిని చూసింది. మూసుకున్న ఆ నోటిని చూసింది. చేట కింద పెట్టేసింది.

సీలేరు వైపు పనికి పోయిన సోని తండ్రి ఇక రాలేదు.

*

ఇదంతా ఎందుకు చెప్పడమంటే... ఇలాంటి ఊరి పిల్లని తీసుకొచ్చి విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రి లిఫ్టులో కూర్చోబెట్టారు. స్టూలు వేసి మరీ. నీలం కోటు తొడిగి, మెళ్ళో కార్డు తగిలించి.

చూశారా, ఎంత బాగా కుదిరిందో!

రాక తప్పలేదు. మొగుడి చేతి దెబ్బలు తినీ తినీ, ఇక తినలేక వచ్చేసిన మనిషి. పుట్టింట్లో అన్న స్వామి ఉన్నాడు. వదిన ఉంది. వదిన మూతి విరుపులున్నాయి. అంబలి గిన్నె ముందు పెట్టి అటు తిరిగి కూర్చునే మనిషి చేతి తిండి ఎన్నాళ్ళు తింటుంది ఎవరైనా? ఈ ఉద్యోగం ఒక్కటే సోని కాళ్ళ కింద నేల. ఇది పోతే మళ్ళీ ఆ గిన్నె ముందుకే.

బస్సెక్కించేటప్పుడు సోములమ్మ డబ్బు మాటెత్తలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు.

"ఎవుర్నీ పలకరించకుండా దాటకు గుంటా," అంది. "అది మానేత్తే మనం మడుసులం కాము."

సరేనంది సోని. అదో పెద్ద పనా! పుట్టిందగ్గర్నించీ చేస్తున్నదే కదా అనుకుంది.

ఇంకేం. లిఫ్టు తలుపు తెరుచుకుంది. జనం ఎక్కారు. సోని నవ్వుతూ అడిగింది --

"ఎటండీ?"

పలకలేదు.

ఒకాయన వేలు చూపించాడు. ఒకావిడ సోని తల మీదుగా చెయ్యి చాచి తనే బటన్ నొక్కుకుంది. మిగతావాళ్ళు పైన మారే అంకెల్ని చూస్తూ నిలబడ్డారు. ఆకాశంలో గద్ద తిరుగుతున్నట్టు అందరూ మెడలెత్తి అటే చూడటం. తలుపు తెరుచుకుంది. దిగిపోయారు. కొత్తవాళ్ళు ఎక్కారు.

"ఎటండీ?"

పలకలేదు.

అయ్యో అనుకుంది సోని. అయ్యయ్యో... ఇంతమందా!

లేచి నిలబడింది. చేతిలో నీళ్ళ సీసా కింద పెట్టింది. లిఫ్టులో పల్లం ఎక్కడుంటుంది? మూలకి జరిగింది. తల వంచింది. వాళ్ళు దిగి కనుమరుగయ్యే దాకా ఎత్తలేదు. మళ్ళీ తలుపు. మళ్ళీ జనం. మళ్ళీ అడగడం, మళ్ళీ లేవడం, మళ్ళీ తల వంచడం. పొద్దు వాలే సరికి మోకాళ్ళు పట్టేశాయి. గదికి పోయి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఈ ఊరికి ఏం పట్టింది? ఇన్ని ఇళ్ళా? ఇన్ని కబుర్లా? చెవుల్లో తీగలు పెట్టుకుని కాలితో తాళం వేస్తున్న కుర్రాడు కూడా చావు కబురే మోస్తున్నాడని నమ్మింది పిచ్చిది. పాపం, ఎంత గుండె నిబ్బరమో అని మెచ్చుకుంది.

నవ్వొస్తోందా? నవ్వండి. సోని మాత్రం ఆ ఊరి కోసం నిజంగా ఏడ్చింది. ఆ ఊరు తన కోసం ఒక్కసారీ ఏడవలేదు, అది వేరే సంగతి.

*

హేమలత అనే ఆవిడ రోజూ వచ్చేది. భర్తని ఐసీయూలో పెట్టారు. పొద్దున పైకి, మధ్యాహ్నం కిందికి. ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఎప్పుడూ సోని లేచి, సీసా దించి, తల వంచి నిలబడేది. అందరికన్నా ఆవిడకే ఎక్కువసేపు నిలబడేది -- అంత వాడిపోయిన ముఖం ఆవిడది.

ఒకరోజు ఆవిడ చూసింది.

"ఏమ్మాయ్... నేనెక్కినప్పుడల్లా ఎందుకలా నిలబడతావు?"

హమ్మయ్య! ఒక మనిషి తనంతట తాను నోరు తెరిచి అడిగింది! సోనికి ప్రాణం లేచొచ్చింది. ముఖం విప్పారింది. ఎంత ప్రేమగా చెప్పిందో --

"మాకాడ అంతేనమ్మా. అడిగితే పలకని మడిసి సావు కబురు మోత్తన్నట్టు. అందికే దారిచ్చేత్తాం."

లిఫ్టు ఆగలేదు గానీ అందులో గాలి ఆగింది.

"నా మొగుడు బతికే ఉన్నాడే!" అని అరిచింది హేమలత. "బతికే ఉన్నాడు! నీ నోరు పడిపోను!"

చేతిలో ఫ్లాస్కు విసిరికొట్టింది. అది స్టూలుకి తగిలి దొర్లింది. వేడి పాలు సోని పాదాల మీద పడ్డాయి. కాలుతున్నా సోని కదల్లేదు. ఆవిడ భర్త బతికే ఉన్నాడన్న మాట అర్థం చేసుకోవడానికే ఆమెకి సమయం పట్టింది. బతికుంటే మరి ఎందుకు పలకలేదు?

సూపర్‌వైజర్ లక్ష్మీప్రసాద్ గదిలోకి పిలిచాడు. చెడ్డవాడేం కాదు. అలిసిపోయినవాడు.

"చూడమ్మా సోనీ. ఇది హాస్పిటల్. ఇక్కడ శకునాలు పలకకూడదు. ఫ్లోర్ అడుగు, బటన్ నొక్కు, నోరు మూసుకో. ఇంకో కంప్లైంట్ వస్తే నేనేం చెయ్యలేను. ఇంటికే."

ఇంటికే. ఆ మాట విని సోనికి వదిన కనిపించింది. అటు తిరిగి కూర్చున్న వదిన వీపు కనిపించింది.

ఊడ్చే పని రత్నాలుది. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. సంగతి విని, చీపురు పక్కన పడేసి, మెట్ల మీద కూలబడి నవ్వింది.

"ఓలమ్మోలమ్మ! ఆవిడితో అలగనేసినావేటే గుంటా!"

"మరి పలకనేదప్పా..."

"పలకరే! పట్నపోల్లు పలకరు. సావూ నేదు, ఏటీ నేదు. ఆల్లంతే."

"సావు నేపోతే ఎందుకు పలకరు?"

రత్నాలు నవ్వు ఆపి చీపురు అందుకుంది.

"పలికితే నువ్వేటి అడిగీత్తావో అని బయం."

చావులు లేవని తెలిస్తే సంతోషించాలి. ఇన్నాళ్ళూ దుఃఖపడ్డ ఇళ్ళన్నీ క్షేమంగా ఉన్నాయని తెలిస్తే గుండె తేలిక పడాలి. సోనికి మాత్రం అప్పుడే ఏడుపు తన్నుకొచ్చింది. కబురు మోస్తున్నారంటే సరే, ఎంతకాలమైనా నిలబడుతుంది. ఊరికే పలకరట. కారణం లేకుండానే పలకరట. పక్కనున్న మనిషిని మనిషి ఊరికే దాటిపోతాడట!

"ఏడవకు," అంది రత్నాలు. "మొకం ఇలగెట్టు, సూడు. తలుపేసిన కొట్టులాగ. ఎవులు కసిరినా ఇంటున్నట్టుండు, ఇనకు."

సోని ప్రయత్నించింది. ఆ ముఖం చూసి రత్నాలు మళ్ళీ నవ్వింది. "నీకు రాదే," అంది.

*

రాలేదు. కొన్నాళ్ళు నిజంగానే రాలేదు.

లేవడం మానేసింది. తల వంచడం మానేసింది. అడగడం మాత్రం మానలేదు. తల్లికిచ్చిన మాట అది. "ఏ ఫ్లోర్?" అని పైకి అడిగి, దాని వెనకే చిన్న గొంతుతో "ఎటమ్మా?" అని కలిపేది, ఎవరూ పట్టుకోకుండా.

ఒక ముసలామె ఎక్కింది. జడలో కనకాంబరాలు, చంకలో గుడ్డ సంచి. ఒక్కతే వచ్చింది.

"ఎటు మామ్మా?"

"కళ్ళకి తల్లీ. సుక్కలేత్తారట... కాసేపు ఏటీ అగుపడదట. నీకేటి, కూకునే పనే గానీ పొద్దల్లా ఇలగ ఎక్కి దిగితే కడుపులో తిప్పదేటి? తిన్నావా?"

తిన్నావా!

తినలేదు. కానీ ఆ క్షణాన కడుపు నిండింది. అన్నం తిన్నట్టు కాదు, అంతకన్నా ఎక్కువే నిండింది. మామ్మ దిగి వెళ్ళాక కూడా ఆ మాట లిఫ్టులోనే తిరిగింది. భోజనం వేళకి సోని మేడ మీదకి పరిగెత్తింది. ఒక వైపు సముద్రం. ఆ వైపు చూడలేదు. రెండో వైపు, ఇళ్ళ వెనకాల, ఎండలో పలచగా... కొండలు! తన కొండ కాదు. అయినా కొండలే. గోడ పట్టుకుని వంగి, గుండె నిండా గాలి పీల్చి --

"ఎటూ...!"

అని అరిచి, తనే నవ్వుకుంది. నీళ్ళ ట్యాంకు మీది పావురాలు లేచి ఎగిరిపోయాయి.

అప్పట్నించి సోని ఒక పద్ధతి పెట్టుకుంది. కాఫీ పళ్ళు ఏరేటప్పుడు కొమ్మనంతా దూయకూడదు, ఎర్రబడ్డదాన్నే తుంచాలి. అలాగే రోజంతట్లో పలికినవాళ్ళనే ఏరుకునేది. "ఇంటికేనే తల్లీ, ఇంకెటు పోతాను" అన్న నర్సు. "మా తమ్ముణ్ణి చూడ్డానికి! ఇవాళే పుట్టాడు!" అన్న చిన్నపిల్ల. రాత్రి పడుకునేటప్పుడు వాళ్ళని తలుచుకునేది. దొరికిన రోజు పండగ. దొరకని రోజు... రేపు లేదా?

ఆ సంతోషం దొంగిలించుకున్నంత చిన్నది. కానీ అది సోనిదే.

*

దాన్ని కూడా ఉంచలేదు లెండి.

"నీకెందుకు ఎటు పోతే? బటన్ నొక్కు." -- ఇస్త్రీ మడత చెదరని ఒక పెద్దమనిషి.

"ఏ కొండ మీంచి దిగిందో! వీళ్ళకీ లిఫ్టులు అప్పజెప్పేశారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తారు..." -- ఆయన పక్కనున్నావిడ. సోనికి తెలుగు రాదనుకుందో, వచ్చినా ఫరవాలేదనుకుందో.

"ఎటమ్మా, ఎటమ్మా" అని ఆమె యాసని అనుకరిస్తూ కుర్రాళ్ళు. వాళ్ళ నవ్వు తలుపు మూసుకున్నాక కూడా వినపడింది.

సిటీ బస్సులో ఖాళీ సీటు వైపు జరిగితే, టక్కున సంచి తీసి ఆ సీటులో పెట్టుకున్న టీచరమ్మ.

ఒక్కొక్కటీ చిన్నదే. చీమ కుట్టినంతదే. రోజూ అక్కడే కుడుతుంటే ఏం చెయ్యాలి? మనిషి ఎంతకాలం నవ్వుతుంది చెప్పండి?

ఒకరోజు తలుపు తెరుచుకుంటే ఎదురుగా కనకాంబరాలు!

"మామ్మా!" ఎగిరి లేచింది సోని. "కళ్ళెలగున్నాయి మామ్మా? అగుపడుతన్నాదా?"

మామ్మ పక్కన కొడుకున్నాడు. "ఎవరే అమ్మా ఈవిడ?" అన్నాడు.

మామ్మ చూసింది. శుభ్రంగా బాగైన కళ్ళతో, తేటగా, పై నించి కింది దాకా చూసింది.

"ఏమో బాబూ. నాకు తెల్దు."

"మాట్లాడకు. పలకరించారంటే మామూలడగడానికే. వీళ్ళ సంగతి నీకు తెలీదు," అన్నాడు కొడుకు.

మామ్మ సంచి మెడని గట్టిగా పట్టుకుంది. కొడుకు వెనక్కి జరిగింది. పైన అంకెల వైపు మెడెత్తింది.

సోని స్టూలు మీద కూర్చుంది. బటన్ నొక్కింది. ముఖం తనంతట తనే మూసుకుంది. రత్నాలు నేర్పలేకపోయిన ముఖం -- ఆ ముసలామె ఒక్క చూపుతో నేర్పేసింది.

ఇక ఆ కొట్టు తలుపు తియ్యలేదు.

తియ్యకపోతే ఎంత సుఖమో! ఎవరూ నవ్వరు. ఎవరూ తిట్టరు. "ఏ ఫ్లోర్?" -- అంతే. తరవాత్తరవాత ఆ రెండు మాటల్లో ఒకటి తగ్గింది. "ఫ్లోర్?" ఆ తరవాత కసరడం వచ్చింది. "జరగండి! వినపడదా? మీకు వేరే చెప్పాలా?" వింతేమిటంటే, కసిరితే జనం విన్నారు. పెద్దమనుషులు సైతం సర్దుకుని నిలబడ్డారు. అబద్ధం ఎందుకు, హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ తన మీద పడ్డదంతా తిరిగి విసురుతుంటే ఒళ్ళు తేలికైంది.

"దార్లో పడ్డావు," అన్నాడు లక్ష్మీప్రసాద్.

"ఓస్! గుంట పట్నపుది అయిపోనాది," అంది రత్నాలు. మెచ్చుకుందో, జాలిపడిందో.

సిగ్నల్ దొరికే బండ ఎక్కి స్వామి ఫోను చేసి తల్లికి ఇచ్చేవాడు.

"పలకరిత్తన్నావా గుంటా, అందర్నీ?"

"ఆఁ అమ్మా."

"పలుకుతన్నారా?"

"పలుకుతన్నారమ్మా. అందరూ పలుకుతన్నారు."

*

ఆ రోజు మధ్యాహ్నం. జనం తోసుకుంటున్నారు. ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది.

ఒక ముసలాయన. మోకాళ్ళ పైకి పంచె, భుజాన తువ్వాలు. వార్డు బయట విప్పమన్న చెప్పుల్ని తొడుక్కోవడం మరిచిపోయి చేత్తో పట్టుకున్నాడు. లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఫ్లోర్?"

పలకలేదు.

"తాతా, నిన్నే. ఏ ఫ్లోర్?"

తల వంచుకుని ఉన్నాడు.

"బేగి కానీవమ్మా, మాకు పన్లున్నాయి," అన్నారెవరో వెనక నించి.

సోనికి చిర్రెత్తుకొచ్చింది.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే నాకెలా తెలుస్తుంది? నోరు లేదా? ఎటో చెప్పు, లేదంటే దిగిపో!"

లిఫ్టంతా నవ్వింది. ఇన్నాళ్ళకి సోని వాళ్ళతో కలిసింది, వాళ్ళు సోనితో కలిశారు. ఆ నవ్వు బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

ముసలాయన తలెత్తి ఒక్కసారి ఆమెని చూశాడు. కోపం లేదు. ఏమీ లేదు. పెదాలు గట్టిగా మూసుకుని ఉన్నాయి -- లోపల ఏదో ఒలికిపోతుందన్నట్టు. మూలకి జరిగాడు. కింద తలుపు తెరుచుకోగానే ఆయనే ముందు దిగి నడిచిపోయాడు.

"ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తారు," అంది సోని వెనక నించి, అందరికీ వినపడేలా.

లిఫ్టు పైకి పోయింది. కిందికొచ్చింది. తలుపు తెరుచుకుంది.

ఏడుపు వినిపించింది.

ఆసుపత్రిలో ఏడుపులు కొత్త కాదు. కానీ ఇది పట్నపు ఏడుపు కాదు. సాగదీసి, మాట వెంట మాట పేర్చి, చచ్చిపోయినవాళ్ళని నిలదీసే ఏడుపు. సోని వాళ్ళ కొండ భాషలో. చేట కింద పెట్టాక సోములమ్మ ఏడ్చిన మాటలే అవి -- ఎటు పోయావు... నీళ్ళకి పోయావా, చేనుకి పోయావా... అడుగుతున్నాను, పలకవేం... ఎటు...

సోని చెయ్యి బటన్ మీదే ఆగిపోయింది.

ఆయన పలకలేదు. అడిగితే పలకలేదు. తల వంచుకున్నాడు. నోరు మూసుకున్నాడు. ఈ ఊరంతట్లో, ఇన్నాళ్ళలో, నిజంగా మోసుకొచ్చినవాడు ఆయనొక్కడే. మిగతా వాళ్ళందరికీ లేచి నిలబడింది. ఆయన్ని నోరు లేదా అంది.

నోరు లేదా అంది!

*

లిఫ్టుని అలాగే వదిలేసి పరిగెత్తింది. మూసుకుపోతున్న తలుపు మధ్య స్టూలు ఇరుక్కుని టింగు టింగుమంటోంది. ఎవరో పిలుస్తున్నారు. వినలేదు.

సైకిల్ స్టాండు పక్కన, గోడ నీడలో ముసలాయనా, ఆయన భార్యా ఉన్నారు. ముసలామె నేల మీద కూలబడి ఉంది. ముంజేతులకి పచ్చబొట్లు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఒళ్ళో, పైన వార్డులో చేర్చిన కూతురి బట్టల మూట. పైకి ఒక్కర్నే పంపిస్తారు గనక ఈమె ఇక్కడే కూర్చుని ఎదురు చూసింది. ఆయన కబురు మోసుకుని అంత ఎత్తు నించి ఇంత దూరం వచ్చాడు. దారిలో ఎవరికీ చెప్పకుండా తెచ్చి, దాని సొంతదారు చేతిలో పెట్టాడు.

నీలం కోటు, మెళ్ళో కార్డు పరిగెత్తుకు రావడం ముసలామె చూసింది.

ఏడుపు ఆపేసింది.

చావు ఏడుపుని మధ్యలో ఆపేసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. మూట ఎత్తుకుని లేవబోయింది. ముసలాయన ఆమె రెక్క పట్టుకుని లేపుతూ, కొండ భాషలో, ఇక్కడెవరికి తెలుస్తుందిలే అన్న ధీమాతో, మెల్లగా అన్నాడు --

"లే. ఇదే. లోపల నన్ను కసిరింది ఇదే. మళ్ళీ కసురుతుంది. గేటు బయటికి పోయి ఏడుద్దాం."

ప్రతి మాటా అర్థమైంది సోనికి.

నోటి దాకా వచ్చింది. నేనూ మనదాన్నే అని. మీ మాట నా మాటేనని. మా ఊరు డుంబ్రిగుడ పైనే, నా తండ్రి కబురు కూడా ఇలాగే వచ్చిందని. ఒక్క మాట చాలు. వాళ్ళ భాషలో ఒక్క మాట అంటే ఆ తల్లి తన మెడ మీద పడి ఏడుస్తుంది...

ఆ తరవాత?

ఆ తరవాత ఆయనకి తెలుస్తుంది. నవ్వులపాలు చేసింది పట్నపు మనిషి కాదని. మూసుకున్న నోటికి అర్థం తెలిసిన మనిషేనని. తెలిసీ అరిచిందని. పట్నపోళ్ళు కసిరితే దులుపుకుని పోవచ్చు. వాళ్ళకి తెలియదు పాపం అనుకోవచ్చు. సొంత కొండ మనిషి చావు కబురుని నిలబెట్టి నోరు లేదా అన్నదంటే... ఆ మాట వాళ్ళు కూతురి శవంతో పాటు ఊరికి మోసుకుపోవాలి. ఈ వయసులో. ఇవాళ.

సోని పళ్ళు బిగపట్టింది.

"ఇక్కడే ఏడవండమ్మా," అంది, శుభ్రమైన పట్నపు తెలుగులో. "ఎవరూ ఏమీ అనరు."

ముసలామె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"తప్పు, తప్పమ్మా... తెల్దు మాకు. ఎల్లిపోతాం."

ముసలాయన చెప్పులు ఇప్పటికీ చేతిలోనే ఉన్నాయి. ఇద్దరూ గోడ వెంబడి నడిచారు. సోని కాళ్ళు పల్లం వైపు జరగబోయాయి. మెడ వంగబోయింది. ఆపుకుంది. వంగితే, వెనక్కి తిరిగి చూశాడా, ఆయన ఇట్టే గుర్తుపడతాడు. తలెత్తుకుని నిలబడింది, ఆ ఊళ్ళో అందరూ నిలబడినట్టే. వాళ్ళు గేటు దాటారు. ఆటోల చప్పుడులో ఏడుపు మళ్ళీ మొదలైందో లేదో వినపడలేదు.

"సోనీ! లిఫ్టు ఎవరు చూస్తారు? మీ బాబా?" సెక్యూరిటీ అరుపు.

వెళ్ళింది. ఇరుక్కున్న స్టూలు తీసింది. కూర్చుంది. అందరూ తిట్టుకుంటూ ఎక్కారు. చివర్న ఒకావిడ ఎక్కింది, చేతిలో టిఫిను క్యారియర్. నడివయసు. లిఫ్టు కదిలింది. అందరూ అంకెల వైపు చూస్తుంటే ఆవిడ మాత్రం సోనినే చూసింది. కళ్ళు చూసింది. కొంచెం వంగింది.

"ఏమ్మా, అలా ఉన్నావేం?" అంది నెమ్మదిగా. "ఏ ఊరు తల్లీ మీది?"

ఈ లిఫ్టులో తననెవరూ ఇంతవరకూ అడగని మాట. ఇన్నాళ్ళూ ఎదురు చూసిన మాట.

సోని ఆవిడ వైపు తిరగలేదు.

"ఈ ఊరేనండీ," అంది.